రమణ పాసు, సుబ్బారావు ఫెయిలు

మార్చిలో పొద్దున ఏడున్నరకు నా ఫోన్ మోగిందంటే ఇంట్లో అందరూ నా మొహం వైపే చూస్తారు. మిర్చి సీజన్లో ఆ వేళప్పుడు నాకు ఫోన్ చేసే మనిషి ఒక్కరే.

"ఏమ్మా, నీ ఫారం రైతుల్ని లోపలికి రానివ్వట్లా."

బాబాయ్ అని పిలుస్తాను గానీ చుట్టరికమేం లేదు. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. అరవై దాటాయి. నేను ఉద్యోగం మానేసి బ్రాడీపేటలో మా ఇంటి పైగదిలో కూర్చుని చిన్న వ్యాపారాలకు వెబ్ అప్లికేషన్లు రాసివ్వటం మొదలుపెట్టాక దొరికిన మొదటి పని వాళ్లదే. సరుకు తెచ్చిన రైతు ఇంటిపేరు, పేరు, ఊరు, ఫోన్ నంబరు, కాయ రకం, ఎన్ని టిక్కీలు, ఏ గది. ఇవి కొట్టి సేవ్ నొక్కితే రసీదు ప్రింటవుతుంది. అంతకుమించి ఏం లేదు. జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టుకోవటానికి వాడే ఫ్రేమ్‌వర్క్) రాశాను, మూడేళ్లుగా నడుస్తోంది. (మన వైపు కానివాళ్లకు: టిక్కీ అంటే మిరపకాయల బస్తా. నలభై కిలోలు, అటూ ఇటూ. ఆలూ టిక్కీ కాదు.)

ఈ ఏడు ఒక్కటే మార్పు. రసీదు తెలుగులో కావాలన్నారు ఓనరు గారు. "ఇంగ్లీషు రసీదు రైతు జేబులో పెట్టుకుంటాడు గానీ చదవడు. తేడా ఎప్పుడో బయటపడుద్ది, అప్పుడు గొడవ" అన్నారు. న్యాయమైన మాటే. లేబుళ్లు మార్చా, రసీదు మార్చా, ఆఫీసు కంప్యూటర్లో ఇంగ్లీషులో కొడితే తెలుగులో పడే కీబోర్డు పెట్టించా. ఇంట్లో టెస్ట్ చేశా. పేరు: రమణ. సేవ్. రసీదొచ్చింది. ఇంకొకటి చూద్దామని: కమల. అదీ వచ్చింది. ఆదివారం సాయంత్రం సర్వర్ మీద పెట్టేసి ఇంట్లోవాళ్లతో సినిమాకెళ్లా.

"ఏమంటోంది బాబాయ్? ఎర్రగా ఏమన్నా రాసుందా?"

"ఎర్రా లేదు, పచ్చా లేదు. సేవ్ నొక్కితే ఒకసారి తెల్లబోయి మళ్లా అదే ఫారం వస్తంది."

నేను లేచి, లాప్‌టాప్ తెరిచి, పేరు దగ్గర రమణ అని కొట్టి సేవ్ నొక్కా. రసీదొచ్చింది. "నాకు పనిచేస్తోంది బాబాయ్" అన్నా. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నా. బయట లారీలు ఆగున్నాయి, హమాలీలు కూర్చున్నారు, ఎదురుగా రైతు నుంచున్నాడు. ఆయనకు నేను చెప్పిన ఓదార్పు అది. ఆయన మాత్రం ఏమీ అనకుండా, "ఇంగ్లీషులో కొడితే తీసుకుంటందమ్మా. ఇద్దర్ని అట్టాగే ఎక్కించా. నువ్వు చూసుకో, తొందరేం లేదు" అన్నారు. తొందరేం లేదు అన్నారంటే తొందరుందనే అర్థం.

ఇక్కడ కోడ్ ముక్కలు పెట్టట్లేదు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకు నోటితో చెప్పినట్టే చెప్తా.

బాబాయ్ చెప్పిన దాంట్లో అసలు ఆనవాలు "తెల్లబోయి మళ్లా అదే ఫారం" అన్న ముక్క. సర్వర్ లాగ్, అంటే వచ్చిన ప్రతి రిక్వెస్టునూ సర్వర్ రాసుకునే చిట్టా, తీస్తే దానికి తగ్గట్టే ఉంది. జాంగోలో మనం మామూలుగా వ్యూ, అంటే రిక్వెస్టుకు జవాబిచ్చే కోడ్, ఎట్లా రాస్తాం? ఫామ్ సరిగా ఉంటే సేవ్ చేసి ఇంకో పేజీకి రీడైరెక్ట్ చేస్తాం, లాగ్‌లో 302 పడుతుంది. ఫామ్ ఒప్పుకోకపోతే అదే పేజీ అచ్చును, అంటే టెంప్లేట్‌ను మళ్లీ గీసి పంపిస్తాం, అది 200. కోడ్ ఎక్కడన్నా పగిలితే 500. ఆ పొద్దున ఆఫీసు నుంచి వచ్చిన పోస్ట్ రిక్వెస్టులు (సేవ్ నొక్కి పంపినవి) పదిహేడు. వాటిలో రెండు 302లు, ఇంగ్లీషు పేర్లవి. మిగతావన్నీ 200లే. 200 చూసి అంతా బాగుందనుకోవటం కొత్తలో నేనూ చేశాను. పోస్ట్‌కు 200 వచ్చిందంటే చాలాసార్లు దానర్థం ఫామ్ తలడ్డంగా ఊపిందని.

మరి ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలి కదా? చెప్పింది. నేను వినిపించలేదు. రసీదు పుస్తకంలా కనపడాలని టెంప్లేట్‌లో ఒక్కో ఫీల్డ్‌ను చేత్తో పేర్చుకున్నా. ఫీల్డ్‌ను మాత్రమే పెట్టి, దాని కింద ఎర్రర్లు చూపించే ముక్క రెండు ఫీల్డ్‌లకు రాసి మిగతావాటికి తరవాత రాద్దామని వదిలేశా. మూడేళ్ల కిందటి "తరవాత" అది. ఫామ్‌ను మొత్తంగా జాంగోనే గీయనిస్తే ఎర్రర్లు వాటంతటవే వస్తాయి. చేత్తో పేర్చుకుంటే ఆ బాధ్యత మనదే. ఫామ్ మొత్తానికి సంబంధించిన ఎర్రర్లు ఇంకోచోట ఉంటాయి, వాటినీ విడిగా గీయాలి. దాచిపెట్టిన ఫీల్డ్‌లో తప్పొస్తే అదీ అంతే, ఎవరికీ కనపడకుండా లోపలే గొణుక్కుంటుంది.

వ్యూలో ఫామ్ చెల్లని దారిలో ఒక్క లైను చేర్చా: ఫామ్ ఎర్రర్లు లాగ్‌లోకి రాయి, రైతు వివరాలు రాయకు, ఏ ఫీల్డ్‌లో ఏ తప్పో అంతవరకే. ఎవరి ఫామ్‌లో ఏ తిప్పలున్నా ముందు ఈ లైను వేసుకోండి. నేను ఊహల మీద పోగొట్టుకున్న గంటలన్నీ కలిపితే ఒక సీజన్ అవుతుంది.

బాబాయ్‌కి ఫోన్ చేసి ఇంకోసారి కొట్టమన్నా. "ఏం పేరు కొట్టమంటావ్?" "ఎదురుగా ఉన్న రైతు పేరే కొట్టండి." లాగ్‌లో పడింది. పేరు ఫీల్డ్: పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి.

ఆ వాక్యం జాంగోది కాదు, నాదే. ఇంగ్లీషులో ఉన్న మెసేజ్‌ను ఆదివారం నేనే తెలుగులోకి మార్చా. "ఆయన పేరేంటి బాబాయ్?" "సుబ్బారావు." అందులో అక్షరాలు కానిది ఏముంది!

ఆ నిబంధన ఎందుకు పెట్టానో చెప్పాలి. మొదటి ఏడాది బాబాయ్ పేరు పెట్టెలోనే అన్నీ రాసేవారు. పేరు, పక్కన ఎన్ని టిక్కీలో, దాని పక్కన బాకీ. పుస్తకంలో అలవాటు. అది ఆపటానికి పేరు ఫీల్డ్‌కు ఒక క్లీన్ మెథడ్ (కొట్టినదాన్ని సరిచూసే కోడ్) రాసి, ఖాళీలు, చుక్కలు తీసేసి, మిగిలినదాన్ని పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అనే పరీక్షకు పంపా. అన్నీ అక్షరాలైతే అవునంటుంది, ఒక్క అంకె ఉన్నా కాదంటుంది. ఇంగ్లీషు పేర్లతో మూడు సీజన్లు దోషం లేకుండా నడిచింది.

షెల్ (పైథాన్‌ను నేరుగా అడిగి చూసే కిటికీ) తెరిచి సుబ్బారావును అడిగా. కాదంది. రమణను అడిగా. అవునంది. కమల, అవును. రాముడు, కాదు. వరద, అవును. సీత, కాదు. ఇట్లా ఓ ఇరవై పేర్లు కొట్టి, చెల్లినవాటిని ఒక పక్కన, చెల్లనివాటిని ఒక పక్కన కాయితం మీద రాసుకున్నా. కాఫీ చల్లారిపోయింది. ఆ కాయితాన్ని చూసింది మా అమ్మ. అమ్మ రిటైరైన టీచరు, ఒకటో తరగతికి ఎన్నేళ్లు చెప్పిందో. చెల్లిన పేర్ల వైపు చూసి, "ఇవేంటే, తలకట్టు మాటలు పిల్లలకు రాసిచ్చినట్టు రాశావు" అంది.

అంతే. దీర్ఘం లేదు, గుడి లేదు, కొమ్ము లేదు, ఏత్వం లేదు, ఒత్తు లేదు, సున్నా లేదు. తలకట్టు మాత్రమే. గుణింతాలు మొదలవక ముందు పలక మీద దిద్దించే మాటలు: పలక, పడవ, వల, రమణ, కమల. నా ఫామ్ ఒకటో తరగతి మొదటి నెల దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే, అన్ని భాషల గుర్తులకూ సంఖ్యలిచ్చే పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు రాతను లెక్కపెట్టే తీరు మన కంటి లెక్క కాదు. హల్లుకు తలకట్టు పుట్టుకతోనే ఉన్నట్టు లెక్క. దాని మీద వచ్చే దీర్ఘం, కొమ్ము లాంటివన్నీ విడి గుర్తులు, ఒక్కోదానికి ఒక్కో సంఖ్య. ఒత్తు రాయాలంటే రెండు హల్లుల మధ్య పొల్లు పెడతారు. సుబ్బారావును విప్పితే స, కొమ్ము, బ, పొల్లు, బ, దీర్ఘం, ర, దీర్ఘం, వ, కొమ్ము. మనకు కనపడేవి నాలుగు అక్షరాలు, కంప్యూటర్ దగ్గరున్నవి పది. ఆ పదింటిలో ఐదు హల్లులు. వాటికి యూనికోడ్ ఇచ్చిన జాతి "లెటర్". మిగతా ఐదింటి జాతి "మార్క్". పైథాన్ ఈజ్‌ఆల్ఫా లెటర్ జాతిని మాత్రమే ఒప్పుకుంటుంది, మార్క్ కనపడిందా, కాదు పొమ్మంటుంది. మన ఒక్కరికే కాదు, హిందీకీ తమిళానికీ ఇదే గతి.

తప్పు పైథాన్‌దంటారా? ఆ పరీక్ష దేన్ని లెక్కలోకి తీసుకుంటుందో దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది. జాంగోది అసలే కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టి 2005లో బయటికొచ్చిన ఫ్రేమ్‌వర్క్ అది. సుబ్బారావు పేరును ఎట్లా పరీక్షించాలో చెప్పింది అది కాదు, నేను. తెలుగు 1991 నుంచి, యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే అందులో ఉంది. తెలుసుకోవటానికి నాకు టైము లేదని ఎవరన్నా అంటే నమ్మకండి.

రమణనే టెస్టుకు ఎందుకు ఎంచుకున్నానా అని కూడా ఆలోచించా. బద్ధకం. ఒక్కో గుర్తునూ విడిగా నొక్కే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మ, ణ ఒకే కీ మీద ఉంటాయి, ణకు షిఫ్ట్ నొక్కాలంతే. మూడు నొక్కుల్లో పేరు అయిపోతుంది. సుబ్బారావుకు పది నొక్కులు. టెస్ట్ డేటాకు ఎవరు కొడతారు పది?

సరే, మరమ్మతు. ఈజ్‌ఆల్ఫా తీసేసి, రాత తీరును పోల్చి చూసే సూత్రం, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టా. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఏ భాష అక్షరమైనా సరేనని ఎక్కడో చదివిన గుర్తు. అది కూడా సుబ్బారావును తోసేసింది. పైథాన్‌తో వచ్చే మామూలు రీ మాడ్యూల్‌లో దానికీ మార్కులు పట్టవు. అప్పుడు తెలుగుకు యూనికోడ్ కేటాయించిన వరసలో ఉన్న 128 స్థానాలనూ నేరుగా అనుమతించా. సుబ్బారావు లోపలికెళ్లాడు. తొమ్మిదిన్నరకు సర్వర్ మీద పెట్టి బాబాయ్‌కి ఫోన్ చేసి, "ఇప్పుడు చూడండి" అన్నా, గొప్పగా.

పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"తీసుకుంటందమ్మా, అందర్నీ తీసుకుంటంది. కానీ ఈ నోన్ ఎవరు?"

"ఎవరు?"

"నోన్. రసీదుల మీద ఇంగ్లీషులో పడతంది. నలుగురు రైతులు వరసగా ఒకే పేరా? ఏ ఊరమ్మా ఈళ్లది?"

ఇది తెలిసినవాళ్లకు ఇప్పటికే నవ్వొచ్చుంటుంది. తొందరలో క్లీన్ మెథడ్ తిరగరాసేటప్పుడు చివర్న పేరును తిరిగి ఇచ్చే లైను చెరిపేశా. జాంగోలో ఒక ఫీల్డ్‌కు రాసిన క్లీన్ మెథడ్ ఏది తిరిగిస్తే అదే ఆ ఫీల్డ్ విలువ. ఏమీ ఇవ్వకపోతే పైథాన్ లెక్కలో అది నన్, అంటే శూన్యం, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చదివితే నోన్. ఫామ్ మొత్తానికి రాసే క్లీన్ మెథడ్‌లో ఏమీ తిరిగివ్వకపోయినా నడిచిపోతుంది. ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచింది. టేబుల్లో ఆ కాలమ్ ఖాళీగా ఉన్నా సరేనని ఎప్పుడో నేనే రాసిపెట్టకపోతే డేటాబేస్ అన్నా అడ్డుపడేది. నాలుగు రసీదులు చేత్తో దిద్దారు బాబాయ్. రిటర్న్ లైను పెట్టా, కాలమ్ ఖాళీకి వీల్లేదని మార్చా.

ఇక ఎర్రర్లు కనపడేట్టు చేశా గదా, ఒక్కోటి బయటికి రావటం మొదలైంది. పాత ఇంట్లో సున్నం గోకితే పగుళ్లు కనపడ్డట్టు.

రసీదు వాట్సాప్‌కు పంపాలా అని ఈ ఏడే కొత్తగా ఒక టిక్ పెట్టె పెట్టా. వద్దన్న రైతుల ఫామ్‌లు వెనక్కి వస్తున్నాయి. టిక్ పెట్టని పెట్టెను బ్రౌజర్ అసలు పంపనే పంపదు. జాంగో ఫామ్‌లో బూలియన్ ఫీల్డ్ (అవును-కాదు పెట్టె) మనం వేరేగా చెప్పకపోతే తప్పనిసరి. అంటే టిక్ పెడితేనే చెల్లుతుంది. తప్పనిసరి కాదని ఒక మాట రాస్తే అయిపోయింది. జాంగో రాసే ప్రతివాళ్లూ ఒకసారి దీనికి తగులుకుంటారు. నాకిది రెండోసారి.

టిక్కీల పెట్టె ఖాళీగా వదిలేస్తే 500. గదిలో పట్టేన్ని టిక్కీలేనా అని ఫామ్ మొత్తం క్లీన్‌లో చూస్తున్నా. తన పరీక్షలో తప్పిన ఫీల్డ్ క్లీన్డ్ డేటాలో (పరీక్ష దాటిన విలువలు దాచే చోట) ఉండనే ఉండదు, లేనిదాన్ని నేరుగా అడిగితే కీ ఎర్రర్. ఉందా అని అడిగి, ఉంటేనే పోల్చి చూడాలి.

ఫోన్ నంబరు సంగతి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది ఇంకా చాలామంది ఫామ్‌లలో ఉంది, వాళ్లకు తెలియదు. రైతుల నంబర్లు బాబాయ్ వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికిస్తారు. అట్లా వచ్చే నంబరుకు ముందు ప్లస్, తొంభైఒకటి, ఒక ఖాళీ, ఐదంకెలు, ఇంకో ఖాళీ, మళ్లీ ఐదంకెలు. నేను తెలివిగా ఖాళీలు, దేశం కోడ్ తీసేసే క్లీన్ మెథడ్ రాసిపెట్టా. నంబరు పదంకెలేగా అని ఫీల్డ్‌కు గరిష్ఠ పొడవు 10 అని కూడా పెట్టా. ఇప్పుడు లెక్కపెట్టండి. ప్లస్ ఒకటి, తొంభైఒకటికి రెండు, ఖాళీ ఒకటి, ఐదంకెలు, ఖాళీ. పది. జాంగో ఆ గరిష్ఠ పొడవును బ్రౌజర్‌లోని పెట్టెకు కూడా తగిలిస్తుంది, బ్రౌజర్ పదో దాని దగ్గర కత్తిరించేస్తుంది. చప్పుడు చెయ్యదు, ఎర్రర్ ఇవ్వదు. నంబర్లో రెండో సగం గాల్లో కలిసిపోతుంది. బాబాయ్ ఎదురుగా చూస్తూ ఉండగానే.

బ్రౌజర్ కత్తిరించకపోయినా నా క్లీన్ మెథడ్ దాకా అది చేరేది కాదు. వరస అట్లా ఉంటుంది: ముందు విలువను పైథాన్ రూపంలోకి మార్చుకోవటం, తరవాత తప్పనిసరి ఫీల్డా కాదా, తరవాత పొడవు లాంటివి సరిచూసే వ్యాలిడేటర్లు, అవన్నీ దాటాక మనం రాసిన క్లీన్. గేటు దగ్గరే లారీని తిప్పి పంపించేశాక లోపల కాటా దగ్గర కూర్చున్నవాడు ఎంత మంచివాడైతే ఏం లాభం? అందుకని శుభ్రం చేసే పనిని గేటు కంటే ముందుకు జరిపా: మామూలు రాత తీసుకునే క్యారెక్టర్ ఫీల్డ్ నుంచి సొంత ఫీల్డ్ ఒకటి చేసుకుని, పైథాన్ రూపంలోకి మార్చే చోటే ఖాళీలు, దేశం కోడ్ తీసేశా. పెట్టె పొడవు 20 చేసి, పదంకెలా కాదా అనేది వ్యాలిడేటర్‌కు వదిలేశా. అంకె అంటే బ్యాక్‌స్లాష్ డి అని రాయకుండా సున్నా నుంచి తొమ్మిది అని విడమరిచి రాశా, పైథాన్ తెలుగంకెలను కూడా అంకెలేనంటుంది మరి. ఆ ఒక్క విషయంలో దానికి తెలుగు బాగానే వచ్చు.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఒక పేరు చెల్లలేదు. మస్తాన్‌వలి.

గుంటూరులో మస్తాన్ అనే పేరుకు మతం లేదు. కాలే మస్తాన్ షావలీ దర్గా ఉన్న ఊరిది. మస్తాన్‌రావు ఉంటాడు, మస్తానమ్మ ఉంటుంది, మస్తాన్‌బీ ఉంటుంది. ఈ పేరును పట్టని ఫామ్ గుంటూరులో ఎందుకు? తెలుగు స్థానాలన్నీ అనుమతించా కదా, ఇంకేం అడ్డొస్తోంది? మళ్లీ షెల్‌లో విప్పి చూస్తే న పొల్లుకూ వకూ మధ్య కంటికి కనపడనిది ఒకటి కూర్చునుంది. వెడల్పు లేని గుర్తు, పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపేది. అది లేకపోతే న కింద వ ఒత్తు పడి "మస్తాన్వలి" అయిపోతుంది. మనం తెలుగు కీబోర్డుల్లో రోజూ తెలియకుండానే వాడుతుంటాం. కానీ దాని స్థానం తెలుగు వరసలో లేదు, ఎక్కడో దూరంగా అన్ని లిపులకూ ఉమ్మడిగా వాడే గుర్తుల మధ్య ఉంది. కొన్ని కీబోర్డులు పేరు పొల్లుతో ముగిస్తే చివర్న కూడా దీన్ని తగిలించి వదిలేస్తాయి. జాంగో పేరుకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను తనే కోసేస్తుంది గానీ ఇది దాని లెక్కలో ఖాళీ కాదు.

తీసేద్దామంటే పేరు రూపమే మారిపోతుంది. ఒకాయన పేరును నా సౌకర్యం కోసం మార్చటానికి నేనెవర్ని? ఉంచేశా. చివర్న ఊరికే వేలాడేదాన్ని మాత్రం కోసేశా. వెతుకులాటకు మాత్రం ఆ గుర్తు తీసేసిన పేరును పక్కన ఇంకో కాలమ్‌లో దాచా, లేకపోతే ఒకే మనిషి రెండు రకాలుగా కొడితే ఇద్దరవుతాడు. అప్పుడే నిబంధనను కూడా తిరగేశా. 128 స్థానాల వరసను తీసేసి, ఒక్కో గుర్తునూ దాని జాతి అడగటం మొదలుపెట్టా: లెటరా, రా. మార్కా, రా. ఖాళీయా, చుక్కా, ఆ కనపడనిదా, రా. అంకెవా, నువ్వు బయటే ఉండు. మొదట్నించీ నాకు కావాల్సింది అంకెల్ని ఆపటమే కదా.

మర్నాడు స్వయంగా వెళ్లా. చుట్టుగుంట దాటేసరికే ఘాటు ముక్కుకెక్కుతుంది, ఆ రోజుల్లో ఆటో డ్రైవర్లు కూడా తువ్వాలు చుట్టుకునే తిరుగుతారు. లోపల బాబాయ్ బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఒక గంటసేపు ఆయన కొట్టేది చూశా. ఎర్రర్ వస్తే ఆయన చదవగలగాలని ఫామ్‌కు నోవ్యాలిడేట్ (బ్రౌజర్ సొంత తనిఖీలు ఆపే గుర్తు) మొదట్నించీ పెట్టే ఉంచాను, ఎందుకంటే బ్రౌజర్ తనంతట తను చూపించే చిన్న బుడగ ఇంగ్లీషులో వచ్చి, చత్వారం ఉన్న మనిషి కళ్లజోడు సర్దుకునేలోపు మాయమైపోతుంది. ఇప్పుడు ప్రతి పెట్టె కిందా తెలుగులో, ఎర్రగా, అక్కడే నిలబడి ఉంటుంది.

పాత రిజిస్టర్లు ఇప్పించుకుని పేర్ల తీరు మాత్రం చూసుకున్నా, మనుషుల వివరాలు కాదు. ఎన్ని రకాలు! విసర్గ పేర్లు, రెండు చుక్కల ఇనీషియళ్లు, క్రైస్తవ పేర్లు, మొదటి అక్షరానికి సున్నా, చివరి అక్షరానికి ఒత్తు ఉన్నవి. వాటిని చూసి నలభై పేర్లు నేనే అల్లి టెస్టులుగా పెట్టా. అందులో మా నాయనమ్మ పేరు కూడా ఒకటి, వెంకటసుబ్బలక్ష్మమ్మ. టెస్ట్ ఫెయిలు. పేరు పెట్టెకు పొడవు 15 పెట్టున్నా. మనం పలికితే ఎనిమిది అక్షరాలు, కంప్యూటర్ విప్పుకుంటే పంతొమ్మిది. ఇంగ్లీషు రోజుల్లో పొడుగు పేర్లవాళ్లను ఇనీషియళ్లతో నెట్టుకొచ్చారు కాబట్టి బయటపడలేదు. బ్రౌజర్లో అదే పేరు కొట్టి చూస్తే "వెంకటసుబ్బలక్ష్" దగ్గర పెట్టె గొంతు నొక్కేసింది. పొల్లు మీద. మా నాయనమ్మను ఎవరూ సగంలో ఆపినట్టు చరిత్రలో లేదు. 100 చేశా.

వచ్చేసేముందు బాబాయ్, "ఉండు, నీ పేరు కూడా పట్టుద్దో లేదో చూద్దాం" అని ఇంటిపేరు, పేరు, ఊరు గుంటూరు, నా ఫోన్ నంబరు వాట్సాప్ నుంచి తీసి అతికించి, రకం తేజ అని పెట్టి, టిక్కీల దగ్గర కాసేపు ఆలోచించి సున్నా కొట్టి సేవ్ నొక్కారు. తెల్లబోలేదు. టిక్కీల పెట్టె కింద ఎర్రగా వచ్చింది: కనీసం 1 టిక్కీ ఉండాలి.

కళ్లజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చదివారు.

"పేరు తీసుకుందమ్మా" అన్నారు. "కాయలే లేవంటంది."